పంచగవ్యం పుచ్చుకున్న మా బావ

మా బావ పోయాడన్న కబురు ఆయన గుమాస్తా తెచ్చాడు. నరసరావుపేట నుంచి పొద్దుటి రైల్లో గురజాల వచ్చి, నా గుమ్మం ముందు చెప్పులు విడిచి, "అయ్యగారు తెల్లవారుజామున పోయారండి. అమ్మగారు మిమ్మల్ని వెంటబెట్టుకు రమ్మన్నారు" అన్నాడు. ఎవరైనా పోయారంటే ముందు వాళ్ళ మొహం గుర్తొస్తుంది. నాకు ఆయన ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఇంగ్లండులో ఒక సముద్రపు ఒడ్డున, మోకాళ్ళ లోతు చన్నీళ్ళలో నిలబడి, నా చేతిలో చెయ్యి వేసి ఇచ్చిన మాట. ఊరికి తిరిగొచ్చిన నెల తిరక్కుండా దాన్ని తప్పాడు. అప్పటికీ ఇప్పటికీ మధ్య ముప్పై ఏళ్ళు పైగా గడిచాయి. అయినా చొక్కా తొడుక్కుంటూ నేను ఆలోచించింది దాని గురించే.

కర్మలు అయ్యాక పేటలో వకీళ్ళందరూ కలిసి సంతాపసభ పెట్టారు. ఒక్కొక్కరు లేచి, సముద్రం దాటగూడదన్న ఛాందసాన్ని ధిక్కరించిన వీరుడన్నారు, పల్నాటి సంస్కర్తలలో మొదటివాడన్నారు. అది విని నేను నవ్వాను. పక్కన కూర్చున్నాయన ఏడుస్తున్నాననుకుని భుజం తట్టాడు. ఆ సభకు వచ్చిన పత్రికవారు నన్నూ నాలుగు మాటలు రాయమన్నారు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మంచి ఉన్నమేరకు చెబుతాను. కాని ఆయనతో పాటు ఆ ఓడెక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. నేనూ పోతే ఇక ఆ వకీళ్ళు చెప్పిందే మిగులుతుంది.

ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆయన మా మేనమామ కొడుకు, మా చెల్లెలి భర్త. మామయ్య పేటలో పేరున్న వకీలు. కొడుకుని బారిస్టరు చదువుకు సీమకు పంపాలనుకున్నాడు. "ఒంటిగా పంపితే మాంసం తింటాడు, నువ్వూ పో" అని నన్నూ పంపాడు. అంటే ఆయనకు చదువు, నాకు వంట. వంటకు పోగా మిగిలిన పొద్దులో నేనూ చదువుకున్నాను. ఓడెక్కకముందే మా చెల్లెల్ని ఆయనకిచ్చి పెళ్ళి చేశారు. అప్పటికది చిన్నపిల్ల, కాపురానికి పంపే వయసు కాదు.

లండనులో ఒక విధవరాలి ఇంట్లో మేడ మీద గదిలో దిగాం. నన్ను వంటింట్లోకి రానిచ్చేదాకా ఆమె పెట్టేది ఉడకేసిన బంగాళాదుంప, ఉడకేసిన క్యాబేజీ. ఆదివారం మాత్రం రెండూ కలిపి పెట్టేది. పెరుగు లేదు. తోడు వేయడానికి చుక్క పెరుగు కూడా ఆ మహానగరంలో మాకు దొరకలేదు. బావ ఊరి నుంచి తెచ్చుకున్న ఎండుమిరపకాయల మూట విప్పి, తొడిమలు గిల్లి, గోరువెచ్చని పాలల్లో వేశాడు. నేను నవ్వాను.

"నవ్వకురా. మా నాయనమ్మ ఇట్లాగే తోడుపెట్టేది. పల్నాటి మిరపకాయరా ఇది, ఎక్కడికి పోయినా దీని పౌరుషం పోదు" అన్నాడు.

గిన్నెకు తన ఉన్ని మఫ్లరు చుట్టి నిప్పుగూటి పక్కన పెట్టాడు. పొద్దున బొగ్గులు వెయ్యడానికొచ్చిన ఇంటామె ఆ మూటని చూసి, గదిలోకి పిల్లి పిల్లల్ని తెచ్చారా అని కోప్పడింది. పెరుగు గట్టిగా తోడుకుంది. ఆ రోజు తిన్న పెరుగన్నం రుచి మళ్ళీ నా నాలుకకు తగల్లేదు. మఫ్లరు గిన్నెకిచ్చేసి, తాను ఆ చలిలో దగ్గుకుంటూ చదువుకు పోయాడు. అట్లాంటి మనిషిని ద్వేషించడం తేలిక కాదు. నేను కష్టపడి నేర్చుకున్నాను.

ఇంటామెకు సముద్రపు ఒడ్డున ఒక ఊళ్ళో చెల్లెలు ఉండేది. వేసవి సెలవులకు ఆవిడ ఇంట్లో గది ఇప్పించింది. వేసవి అంటే అక్కడ పేరుకే. జనం రైళ్ళ నిండా వచ్చి, పడక కుర్చీలు అద్దెకు తీసుకుని, సూర్యుడి వైపు మొహాలు పెట్టి పడుకునేవాళ్ళు. ఒక మబ్బు అడ్డమొస్తే ఒడ్డంతా నిట్టూర్చేది.

బావ ఆశ్చర్యానికి అంతు లేదు. "ఒరేయ్, వీళ్ళు ఎండ కోసం రైలు టిక్కెట్టు కొంటున్నార్రా! రోహిణికార్తెలో మాచర్ల తీసుకుపోయి నాపరాళ్ళ మీద పడుకోబెడదాం. రెండో రోజుకి అందరూ మన రంగులోకొస్తారు."

ఆ ఒడ్డున పిల్లల్ని గాడిదల మీద ఎక్కించి తిప్పేవాళ్ళు. మన దగ్గర గాడిదెక్కించి ఊరేగించేది తప్పు చేసినవాణ్ణి. అక్కడ పైసలిచ్చి ఎక్కుతారు. బావ పంచె ఎగ్గట్టి తానూ ఎక్కాడు. చుట్టూ తెల్లపిల్లలు చప్పట్లు కొడుతుంటే నా వైపు తిరిగి, "ఊళ్ళో ఎటూ ఎక్కిస్తారుగా, ఇప్పట్నించే అలవాటు చేసుకుంటున్నా!" అని అరిచాడు. ఆ రోజున ఆయన్ని చూసి, ఇతను దేనికీ జంకడనుకున్నాను. గాడిద మీద కూర్చున్నవాడి ధైర్యం చూసి ఎవరూ మోసపోవద్దు.

సెలవులు సగంలో ఉండగా మా నాన్న పోయినట్టు తెలిసింది. కబురు ఓడలో వచ్చేసరికి అక్కడ దహనమూ కర్మలూ అన్నీ అయిపోయాయి. దాయాది ఒకడు నిప్పు పెట్టాడట. నేను ఆ గదిలో మంచం మీద కూర్చుని లేవలేదు. బావ బయటికి పోయాడు. నువ్వుల కోసం ఆ ఊరి కొట్లన్నీ తిరిగి, ఆఖరికి పిట్టల మేత అమ్మేవాడి దగ్గర ఏవో నల్లగింజలు పొట్లం కట్టించుకొచ్చాడు.

"ఇవి నువ్వులు కాదు బావా" అన్నాను.

"మీ నాన్న ఏమీ అనుకోడులే, ఆయనకి చత్వారం" అన్నాడు. అని, నాకంటే ముందు తనే ఏడ్చాడు.

ఇద్దరం నీళ్ళలో దిగాం. మంత్రాలు ఆయనకు సగం వచ్చు, నాకు పావు వచ్చు. ఆయన చెప్పాడు, నేను వదిలాను. ఈతబట్టల్లో ఉన్న ఆడామగా ఆగి చూశారు. వాళ్ళలో ఒక ముసలాయనకు ఏం అర్థమైందో, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళలోంచి బయటికి రాకముందే బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరేయ్, ఊరికి పోగానే ఈ నీళ్ళు దాటిన పాపానికి మన చేత పేడా పంచకం కలిపి తాగిస్తారు. తాగామంటే మీ నాన్నకి వదిలిన ఈ నీళ్ళు మైలనీళ్ళేనని మన నోటితో మనం ఒప్పుకున్నట్టు. నేను తాగను. నువ్వూ తాగొద్దు. ఒట్టు."

నేను ఒట్టేశాను. ఆయన మాట ఏమైందో చెప్పాను. నా మాట ఇప్పటిదాకా నిలిచే ఉంది.

మేము తిరిగొచ్చేసరికి పీఠం వారి దగ్గరనుంచి వెలి వేస్తూ ఆజ్ఞ వచ్చి ఉంది. ప్రాయశ్చిత్తం చేసుకుని పంచగవ్యం పుచ్చుకుంటే లోపలికి, లేకపోతే బయటికి. మా ఇద్దర్నీ ఊరి చివర మామయ్య తోట పాకలో ఉంచారు. వారం తిరక్కముందే బావ కోటప్పకొండలో మొక్కుందని బండి కట్టించుకుని వెళ్ళాడు. గుండుతో తిరిగొచ్చాడు. మొక్కే అనుకున్నాను. మర్నాడు మామయ్య ఇంట్లో బంధువులతో ఒకే పంక్తిలో కూర్చుని భోంచేశాడని పాలేరు చెబితే తెలిసింది. ఆయన వెళ్ళింది కొండకు కాదు, కృష్ణ ఒడ్డుకు.

సాయంత్రం పాకకు వచ్చాడు. "ఏమిటి బావా ఇది?" అన్నాను.

"ఏముందిరా, ఒక గుక్క. కళ్ళు మూసుకుంటే మజ్జిగే."

"మరి మా నాన్న?"

నా కుండలోంచి నీళ్ళు వంచుకుని తాగాడు. ఆ తరవాత బతికినన్నాళ్ళూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. "కోర్టులో ఎన్నైనా చెప్పొచ్చు, కంచం ముందు అబద్ధం ఆడగూడదురా" అని అందరికీ నీతి చెప్పే మనిషి ఆయన.

నాకేమైందో కూడా ఒక మాట రాస్తాను. సభలో ఎవరూ అడగలేదు కాబట్టి. పిల్లనిచ్చినవాడు లేడు. నాన్న ఆబ్దికానికి పురోహితుడు రాలేదు. గురజాలలో మిషను బడిలో ఇంగ్లీషు చెప్పే పని దొరికింది. అక్కడి హెడ్మాస్టరు క్రైస్తవుడు. ఊరికొచ్చాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టిన మొదటి మనిషి ఆయనే. ఆయన భార్య, "తినండయ్యా, చానా చిక్కిపోయారు, ఏందట్టా చూస్తారు" అని కసిరి వడ్డించేది. సెలవులకు పేట వెళ్తే మా అమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ఆకు వేసి, అంటకుండా పైనుంచి వడ్డించేది. తిన్నాక ఆకు నేనే తీసి, అరుగు నేనే కడిగేవాణ్ణి. ఆమె పోయేదాకా అంతే. ప్రాయశ్చిత్తం చేసుకోరా అని మాత్రం ఒక్కసారీ అనలేదు. అది నా ఒట్టు మీద ఆమెకున్న గౌరవమనుకునేవాణ్ణి.

బావ పెద్ద వకీలయ్యాడు. వానచుక్క పడని మా ఊళ్ళలో గొడుగు చంకలో పెట్టుకుని తిరిగేవాడు. నాలుగింటికి టీ పడకపోతే కేసు వాయిదా అడిగేవాడని చెప్పుకునేవాళ్ళు. క్లబ్బులో ఆయన సీమ కథలు వినడానికి కుర్చీలు చాలేవి కావు. నేనూ ఒకసారి బయట నిలబడి విన్నాను. పెరుగు తోడుకుంది, గాడిద నడిచింది, ఇంటామె కోప్పడింది. నేను లేను. ఆ కథల్లో ఆయనొక్కడే సీమకు పోయాడు, ఒక్కడే వంట చేసుకున్నాడు. నల్లగింజల సంగతి మాత్రం ఎప్పుడూ, ఎవరికీ చెప్పలేదు. అందుకు ఆయనకు నేను ఋణపడ్డాను. గురజాల కోర్టులో పని పడ్డప్పుడల్లా మా ఇంటికి వచ్చి, వీధి తలుపు తీసి ఉండగానే నేను వండింది తినేవాడు. అది ధైర్యమని ఆయన అనుకునేవాడు. డబ్బున్నవాడి మైల ఎవరికీ కనపడదని నేను అనుకునేవాణ్ణి. అయినా ఆయన వస్తాడంటే ముందురోజే పాలు తోడుపెట్టేవాణ్ణి.

గుమాస్తాతో పేట వెళ్ళిన రోజున పాడె లేపుతుంటే పురోహితుడు నన్ను చూసి, "రండి బాబాయిగారూ, మీరూ ఒక భుజం పట్టండి" అన్నాడు. నాన్న ఆబ్దికానికి రానన్న పురోహితుడి కొడుకే ఇతను. ఎవరూ అడ్డం చెప్పలేదు. వాళ్ళు నన్ను క్షమించలేదు, మరిచిపోయారంతే. ఇప్పుడు మా బడి కుర్రాళ్ళు పట్టాళంలో చేరి ఈజిప్టు దాకా పోయొస్తుంటే స్టేషనులో దండలు వేస్తున్నారు. పేడనీళ్ళ మాట ఎత్తేవాడు లేడు. నా బతుకంతా ఖర్చు పెట్టి నేను నిలబెట్టుకున్నది ఏమిటో చెప్పినా అర్థమయ్యేవాళ్ళు లేరు.

సభ అయ్యాక చెల్లెల్ని చూడబోయాను. పెరటి వసారాలో గోడకానుకుని కూర్చుంది.

"సభలో నవ్వావట" అంది.

"నవ్వొచ్చింది, నవ్వాను."

"ఇకనైనా ఆయన్ని వదిలెయ్యి అన్నయ్యా. ఆయన తనంతట తాను తాగలేదు. అమ్మ తోటకొచ్చి కాళ్ళు పట్టుకుంది."

"ఎవరి కాళ్ళు?"

"ఇంకెవరివి? అత్తగారై ఉండి అల్లుడి కాళ్ళు పట్టుకుంది. నువ్వు వెలిలో ఉంటే నా కూతురూ నీతో పాటు వెలేరా, దాని బతుకేం గాను అని ఏడ్చింది. నువ్వు బజారుకో ఎక్కడికో వెళ్ళావట. ఎవరికీ చెప్పనని అమ్మకి మాటిచ్చాడు. నాకు కూడా మొన్న మంచాన పడ్డాకే చెప్పాడు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"నువ్వు కాదంటావని."

"అడిగితే కదే తెలిసేది!"

"అందుకే అడగలేదు. కాదని నీ నోటితో విన్నాక ఇక నీకు అరుగు మీదైనా అన్నం పెట్టడానికి ఉండదుగా. అడక్కపోతే నువ్వు కాదననట్టే. అమ్మ లెక్క అది." మళ్ళీ తనే అంది. "అయినా రెండు పంచెలు తీసుకెళ్ళిందట. కృష్ణస్నానానికని నీకు చెప్పించి, ఆయన వెనకే ఇంకో బండిలో పోయింది. మడిగా తడిపి రెండూ రేవు పక్కన రాళ్ళ మీద ఆరేసింది. ఊరంతటికీ తెలిసింది వాడికి తెలియకుండా ఉంటుందా, వస్తాడేమో అందిట. ఆయన మునిగి లేచి ఒకటి కట్టుకున్నాడు. రెండోది ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టి పక్కనే కూర్చుంది. పొద్దు వాలినా లేవనంటే, ఆయనే బతిమాలి బండెక్కించాడు."

అడిగి ఉంటే తాగేవాణ్ణి. ఇది ఎవరి మెప్పు కోసమూ రాయడం లేదు. ఆమె చేతి అన్నం నేను గడప లోపల కూర్చుని తినడానికి ఒక్క గుక్క ఎక్కువేం కాదు. నాన్నతో నేను చెప్పుకునేవాణ్ణి. రమ్మని పాకకి ఒక మనిషిని పంపినా చాలు, పరుగెత్తి వెళ్ళేవాణ్ణి.

బావని వదిలేశాను. సభలో ఆయనకు తొడిగిన బిరుదులన్నీ ఆయన్నే ఉంచుకోనివ్వండి. కాని కృష్ణ ఒడ్డున, ఎండ దిగిపోతుంటే, ఎప్పుడో ఆరిపోయిన పంచె పక్కన కూర్చుని, బండ్లబాట వైపు చూస్తూ, రమ్మని ఒక్క కబురు పంపని మనిషి ఉంది. ఆమెను వదల్లేను. నేను ఇప్పటికీ తప్పుపట్టేది మా అమ్మని.