బూడిదలో చల్లారిన ఇరుసు

మా వీధి చివరి షెడ్డులో పనిచేసే ఆయన్ని అందరూ ఇరుసాయన అంటారు. తండ్రి ఎడ్లబళ్లకు ఇరుసులు వేసేవాడు. ఈయన ట్రాక్టర్లకూ ట్రాలీలకూ వేస్తాడు. పని మొదలుపెట్టే ముందు కళ్లు మూసుకుని ఒక్క క్షణం నిలబడతాడు. దేవుణ్ణి ఏం అడుగుతాడో ఆయన చెప్పడు, ఎవరూ అడగరు. ఆ క్షణంలో దారిన పోయేవాళ్లు గొంతు తగ్గించుకుని నడవడం మాత్రం నేను చాలాసార్లు చూశాను.

ఆయన తొందర కూడా అందరికీ తెలిసిందే. వెల్డింగ్ అవగానే ఎర్రటి ఇనుము మీద చెంబెడు నీళ్లు కుమ్మరిస్తాడు. బండివాడు గుమ్మంలో నిలబడి ఎండకేసి చూస్తుంటే, కాసేపు ఆగమనడానికి ఆయనకు నోరు రాదు. ట్రాలీల లావుపాటి ఇరుసులు ఆ నీళ్లకు ఇన్నేళ్లూ ఓర్చుకున్నాయి.

ఆయన కోడలు తాబేలు నడుపుతుంది. అది ఆరు చక్రాల చిన్న బండి. ఒళ్లు పడవలా ఉంటుంది. బురదలో పాకుతుంది, నీళ్లలో దిగితే అవే చక్రాలు తిప్పుకుంటూ ఈదుతుంది. ఊరికి ఉత్తరాన రెల్లు పెరిగిన చిత్తడి, దాని అవతల కొన్ని ఇళ్లు. అక్కడికి వెళ్లాలంటే పడవ బురదలో కూరుకుపోతుంది, జీపు నీళ్లలో మునుగుతుంది. అందుకని వారం వారం నర్సమ్మను, మందుల పెట్టెను అక్కడికి చేర్చేది తాబేలే.

మందుల పెట్టెతోపాటు అవతలివాళ్ల పిండి బస్తాలు, గ్యాస్ బండలు కూడా కోడలు కాదనకుండా ఎక్కించుకునేది. ఆ బరువుకు మధ్య ఇరుసు వంగింది. మావగారు దానికి గొట్టం తొడిగి, రెండు కొసలా చుట్టూ వెల్డింగ్ పెట్టి, అలవాటుగా నీళ్లు పోసి ఇచ్చాడు. ఆ వారమే, నీళ్లలోంచి గట్టెక్కుతూ బండి ఒక మొద్దును తాకగానే ఇరుసు పుటుక్కున తెగింది. బండిలో జ్వరంతో మూలుగుతున్న ఒక ముసలమ్మ ఉంది. నర్సమ్మా కోడలూ ఆమెను మోకాటి లోతు బురదలో చేతుల మీద మోసుకొచ్చారు. ఇంకోసారి దారిలో ఆగితే అవతలి ఒడ్డుకు ప్రయాణమే మానేస్తామని ఆస్పత్రి పెద్దలు చెప్పేశారు.

కోడలు రెండు ముక్కలూ తెచ్చి షెడ్డులో బల్ల మీద పెట్టింది.

“కోపం తెచ్చుకోకండి మావయ్యా. మీరు వేసిన ఇరుసు మీద నేనిక ఎక్కను.”

“మరి ఎవరు వెయ్యాలి?”

“మీరే వెయ్యాలి. మొదట మీరే ఎక్కాలి.”

అన్నం క్యారియర్ తెచ్చిన అత్తగారు నవ్వింది. “బాగానే ఉంది. ఈయనకు నీళ్లంటే భయం, నిండు బిందెను చూసినా గోడ పట్టుకుంటారు.”

ఆయన ముక్కను వెలుగుకు తిప్పి చూశాడు. వెల్డింగ్ అంచున, గొట్టం మొదలైన చోటే తెగింది. తెగిన ముఖం పగిలిన ఉప్పురాయిలా గరుగ్గా మెరుస్తోంది. ఇనుము తెగే ముందు కొంచెమైనా వంగాలి. ఇది వంగనే లేదు.

“నీళ్లు పోసి పెళుసు చేశాను,” అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

ఈసారి కొత్త కడ్డీ తెచ్చాడు. గొట్టం కొసల్ని చుట్టూ సమంగా కాక చేప నోరులా ఏటవాలుగా కోశాడు, బలమంతా ఒకే గీత మీద పడకుండా. కొద్దికొద్దిగా వెల్డింగ్ పెట్టాడు. పక్కనే రొట్టెల బట్టీ నడిపే ఆవిడ దగ్గరకు వెళ్లాడు.

“అమ్మా, కాస్త వేడి బూడిద కావాలి. ఇరుసు మునిగేంత.”

“వేడి రొట్టె చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునే మనిషి, ఇనుముని ఆగనిస్తారా?”

“ఆగుతానులే.”

“చూస్తాగా.”

అంటూనే ఆవిడ పొడవాటి రేకు తొట్టె నిండా బూడిద పోసి, వేడి పోకుండా తన రొట్టెల పళ్లెం మూతగా పెట్టి, రెండో కొస తనే పట్టుకుని షెడ్డుదాకా మోసింది. ఇరుసును అందులో పూడ్చారు.

సాయంత్రం ఒక ట్రాలీవాడు విరిగిన కొక్కెంతో వచ్చాడు. ఇరుసాయన వెల్డింగ్ పెట్టి, దాన్నీ బూడిదలో దూర్చి, “రేపు రా నాయనా,” అన్నాడు. ట్రాలీవాడు ఆయన ముఖంలోకి చూసి, “ఒంట్లో బాగాలేదా పెద్దాయనా?” అని అడిగాడు.

మర్నాడు ఇరుసు బిగించి, బండిలో బస్తాల బదులు ఇసుక మూటలు వేసి బయలుదేరారు. ఇరుసాయన ఈత జాకెట్ తొడుక్కుని కోడలి పక్కన కూర్చున్నాడు. బండి నీళ్లలోకి జారగానే కళ్లు మూసుకున్నాడు. షెడ్డులో ఒక్క క్షణం ఉండే మౌనం ఈసారి రెల్లు దాటేదాకా సాగింది. ఆయన మీద నీళ్లు చిమ్మకుండా కోడలు వేగం తగ్గించింది. ఆ సంగతి ఆయనతో అనలేదు.

కళ్లు తెరిచేసరికి గట్టు కనిపించింది.

“అటు కాదు తల్లీ. మొద్దు ఉంది.”

“తెలుసు మావయ్యా. దానికోసమేగా వచ్చింది.”

బండి మొద్దెక్కి దబ్బున దిగింది. కోడలు వెనక్కి తెచ్చి మళ్లీ ఎక్కించింది. గట్టు మీద జాకీ వేసి మధ్య చక్రాన్ని చేత్తో తిప్పింది. ఊగిసలాట లేకుండా తిరిగింది. ఆయన ఒంగి వెల్డింగ్ అంచును వేలితో తడిమాడు. చీలిక తగల్లేదు.

“నర్సమ్మకి రేపు వెళ్దామని చెప్తాను,” అంది కోడలు.

“నేనూ రావాలా?”

“వద్దు మావయ్యా. మీ చోట్లో రెండు బస్తాలు పడతాయి.”

“ఒకటే వెయ్యి.”

“సరే, ఒకటే,” అంది, ఆయన దిగడానికి చెయ్యి అందిస్తూ.

నర్సమ్మ మర్నాడే అవతలికి వెళ్లింది, ఆ తర్వాత ఏ వారమూ మానలేదు. షెడ్డులో ఇప్పుడు బూడిద తొట్టె ఎప్పుడూ నిండుగా ఉంటుంది. పాత చెంబు గుమ్మం పక్కన స్టూలు మీద, మూత పెట్టి ఉంటుంది. ఇనుము చల్లారేదాకా కూర్చునే బండివాళ్లు అందులో నీళ్లు తాగుతారు.