ఉడుపుల ముందు జపాను బొమ్మ

రాత్రి కురిసిన జల్లుకి బాల్కనీలో కొక్కేనికి తగిలించిన పాత తాడు తడిసింది. పొద్దున్న తలుపు తీయగానే తడిసిన జనపనార వాసన, కాస్త బురదలా, కాస్త పశువుల పాకలా గుప్పుమని వచ్చి, నన్ను నెల్లిమర్ల పక్కన మా ఊరికి లాక్కుపోయింది.

ఆ తాడు కొన్నది మా చిన్నాన్న. అరవైల చివర్లో, నేనింకా పలక పట్టే వయసులో ఉన్నప్పుడు, వ్యవసాయశాఖ జీపు ఊళ్లోకి వచ్చి, తెల్లగుడ్డ కట్టి, జపాను పద్ధతిలో ఉడుపులు, అంటే వరినాట్లు, ఎలా వేయాలో బొమ్మ వేసి చూపించింది. మడికి అడ్డంగా ఇద్దరు చెరో కొసా పట్టి తాడు లాగితే, దాని వెంబడి వరుసగా మొక్కలు పెట్టాలన్నమాట. తాతకు ఒళ్లు మండింది. "సేనంతా గీతలు గీయడానికి అదేటి, బడి పలకా?" అన్నాడు. చిన్నాన్న ఎదురు చెప్పాడు. ఆకుమడి పోసిన నాటి నుంచి తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఒకే అరుగు మీద పక్కపక్కనే కూర్చుని చోడి అంబలి తాగుతూ, ఉప్పు కావాలన్నా నా చేతే చెప్పించేవారు. ఆ రోజుల్లో ఇంట్లో ఉండాలంటేనే నాకు బెంగగా ఉండేది.

అప్పుడే నెల్లిమర్ల డేరా హాలుకి జపాను బొమ్మ వచ్చింది. తెలుగు సినిమా పెట్టె అందక అది వేశారని తర్వాత తెలిసింది. మైకు బండి "జపాను బొమ్మ" అని అరుచుకుంటూ పోతే, మా రైతులంతా అది వరి సాగు బొమ్మే అనుకున్నారు. పంతం తేల్చుకుందామని తాతా చిన్నాన్నా మొదటి ఆటకి బయల్దేరారు, దారికి చెరో పక్కన, మధ్యలో నేను.

తీరా చూస్తే రాజులూ, కత్తులూ, గుర్రాలూ. పాటల్లేవు, ఒక్క ముక్క అర్థం కాదు. వీరుల పిలకలు చూసి ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. తెర మీద వాన పడితే, అప్పటికింకా సరైన వానలేక ఆకాశం చూస్తున్న మావాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకచోట పల్లె ఆడవాళ్లు వంగి నాట్లు వేస్తున్నారు, చేతికొచ్చిన చోటల్లా, అచ్చం మాలాగే. తాత నన్ను మోచేత్తో పొడిచాడు.

"మీ సిన్నాన్నకి సెప్పవే గుంటా, ఆళ్ల సేలోనూ గీతల్నేవు."

చెప్పాను. చిన్నాన్న తల దించుకున్నాడు.

అంతలో సైన్యం ఆ మడిలోంచే దూసుకుపోయింది. నేల తరగతి మొత్తం లేచి నిలబడింది. "ఉడిసిన సేలో గుర్రాలు దింపుతార్రా" అని తాతా చిన్నాన్నా ఒక్క గొంతుతో కేకేశారు. గుర్రాలు పోయాక బురదలో ఒక ముసలాయన మిగిలాడు. అతని కొడుకులు యుద్ధంలో పోవడం అంతకుముందే చూశాం. ఒక్కడే వంగి, పడిపోయిన మొక్కల్ని ఒక్కొక్కటే ఎత్తి నిలబెడుతున్నాడు. బీడీలు ఆరిపోయినా ఎవరూ మళ్లీ వెలిగించలేదు. తాత ఏడుస్తున్నాడు. చిన్నాన్న తన తువ్వాలు నాకివ్వబోయి, ఆగి, నా మీదుగా చెయ్యి చాచి తాత చేతిలోనే పెట్టాడు.

తిరిగొచ్చే దారిలో తాత నాతో కాకుండా నేరుగా చిన్నాన్నతోనే అన్నాడు. "ఒరే, ఆ ముసిలోడికి రెండో కొస పట్టడానికి ఒక్కడూ మిగల్నేదు." కొంత దూరం నడిచాక, "పెద్ద మడి జోలికి రాకు. సిన్న మడిలో లాగుదాం నీ తాడు. ఓ కొస నేను పడతాను."

"అలాగే అయ్యా," అన్నాడు చిన్నాన్న. వాళ్ల మధ్య నాకిక పని లేకుండా పోయింది. అంత సంతోషం నాకు ఏ పండగకీ కలగలేదు.

పట్టుకోడానికి వీలుగా తాత తన కొసకి చింతకర్ర గూటం చెక్కి కట్టుకున్నాడు. వరుస వంకరపోతోందని ఉడుపులైందాకా చిన్నాన్నను తిడుతూనే ఉన్నాడు. తాత పోయాక కూడా చిన్నాన్న ఏటా ఆ గూటమున్న కొసనే ముందు మడి నీళ్లలో తడిపేవాడు.

ఇప్పుడు డేరా లేదు, చిన్నాన్నా లేడు, అతని తాడు మాత్రం నా దగ్గరికి చేరింది. చిన్న మడిలో ప్లాట్లవాళ్లు తాడు లాగి, వరుస తప్పకుండా తెల్లరాళ్లు పాతారు. ఈ తాడు ఆరేద్దామని విప్పి చూస్తే, చుట్ట లోపల ఉండిపోయిన గూటం కొసకి వాన తగల్లేదు. చెంబుతో నీళ్లు తెచ్చి, ఆ కొస తడిపి, మళ్లీ కొక్కేనికి తగిలించాను.