హాజరు నంబర్లు మరిచిన బ్యాచ్

కామారెడ్డిలో నాకు చిన్న కంప్యూటర్ షాపు ఉన్నది. రెండేండ్ల కింద మా పదో తరగతి బ్యాచ్ అంతా ఎల్లారెడ్డి బడిలో మళ్లీ కలుసుకున్నప్పుడు, పాత ఫోటోలు పెట్టి నేనే ఒక వెబ్‌సైట్ చేసిన. ఎవరి హాజరు నంబరు వాళ్లకు పాస్‌వర్డ్ అని గొప్పగ చెప్పిన. దొంగలు జొరబడకుండ సెక్యూరిటీ ప్లగిన్ అనే కావలి ప్రోగ్రాం గూడ పెట్టిన.

లెక్కల సారును ముందల కూసోబెట్టి సైటు తెరిచేలోపే అందరూ బడి వైఫైకి ఫోన్లు కలిపిండ్రు. ముప్పై ఏండ్లయినంక నంబర్లు ఎవరికి గుర్తుంటయ్? తోచింది కొట్టిండ్రు. ఒకే వైఫై నుంచి అన్ని తప్పులు వచ్చేసరికి, ప్లగిన్ మమ్మల్నే దొంగలనుకొని అందరినీ ఆపేసింది, నన్ను గూడ. పెద్ద తెర మీద ‘లోపలికి అనుమతి లేదు’ అని ఎర్రటి అక్షరాలు!

“ఏమైందిరా?” అన్నరు సారు. చెప్పిన.

“నంబర్లేనా?” అని సారు కండ్లు మూసుకొని, “ఒకటి, అంజయ్య. రెండు, బాలమణి...” అని మొదలుపెట్టిండ్రు. తలలు నెరిసినోళ్లు ఒక్కొక్కరే లేచి “హాజర్ సార్” అన్నరు. నేను బడి వైఫై ఇడిచిపెట్టి నా ఫోన్ నెట్‌తోని సైటు తెరిచిన గని, ఎవ్వరూ అటు చూడనేలేదు.

“ఇరవై మూడు, నువ్వు. బయట నిలబడుడు నీకు కొత్తనారా?” అన్నరు సారు. అందరూ పక్కున నవ్విండ్రు.

ఇప్పుడు షాపుల ఎవరి సైటు లాక్ అయినా తెరిచిస్త. ఆ ఎర్రటి అక్షరాలు కనబడంగనే చేతులు కట్టుకొని బడి వరండాల నిలబడ్డట్టు అనిపిస్తది. లోపలికి రా అనేటందుకు మాత్రం సారు ఇగ లేరు.