పిన్ని స్వెట్టరుకి గంజి పెట్టిన వేళ

పెద్దకర్మ పూట ఇంటిల్లిపాదినీ ఎండలో నిలబెట్టి, పిన్నిని పైలోకానికి పోనివ్వకుండా అడ్డుపడ్డ ఘనత మా వంశంలో నా ఒక్కదానిదే. ఎలాగో చెబుతాను, గుండె దిటవు చేసుకోండి.

మా పిన్నికి ఊలు అల్లే పిచ్చి. కుంపటిలాంటి విజయవాడలో కూర్చుని స్వెట్టర్లు అల్లేది. బాబాయికి నీలంది అల్లి ఇస్తే, "గుణదల కొండ మీద మంచు కురిసిన్రోజున వేసుకుంటాలేవే" అని బీరువాలో పడేశాడు. ఆసుపత్రిలో కూడా అడిగింది, ఒక్కసారి వేసుకుని చూపించమని. "ఇంటికొచ్చాక" అన్నాడు. ఆవిడ ఇంటికి రాలేదు.

నేనప్పుడు డిజైన్ కోర్సు చివరి సంవత్సరం. అంటే నాకు తెలియనిది లేదు. పిన్ని ఫొటో పక్కన ఆ స్వెట్టరు పెట్టాలనుకున్నాను. మడతపెట్టి కాదు, హ్యాంగరుకి తగిలించీ కాదు. లోపల మనిషి ఉన్నట్టే చేతులు చాచి గాలిలో నిలబడాలి. తీగ దూరిస్తే అల్లిక సాగింది. బెలూన్లు కూరితే ఎండకి పేలి కూలబడింది. పిచ్చి ముదిరింది, ఊలుకి గంజి పెట్టమన్నట్టు, నాకు అమ్మ నేత చీరలు గుర్తొచ్చాయి. చిక్కటి గంజిలో స్వెట్టరు ముంచి, మళ్ళీ బెలూన్లు కూరి, ఈసారి నీడన ఆరబెట్టాను. గంజి వడకట్టాలని నాకెవరూ చెప్పలేదు. మెతుకులతో సహా అట్టలా బిగిసింది. బెలూన్లు తీసేసి, డాబా మీద దారాలతో వేలాడదీశాను.

ఆ డాబా మీదే పక్షికి విస్తరి పెట్టారు. కాకి ముడితేనే పోయినవాళ్ళు తృప్తిగా వెళ్ళినట్టు. ఎంతసేపైనా కాకి రాలేదు.

"ఏదో కోరిక మిగిలిపోయిందండీ ఆవిడకి" అన్నారు పంతులుగారు.

"కాఫీ పెట్టి చూడండి" అంది అమ్మ. పెట్టారు. మాగాయ పెట్టారు. పక్కింటి గోడ మీది కాకులు మాత్రం నా కళాఖండం వంకే భయంగా చూస్తున్నాయి. అది అచ్చం చేలో దిష్టిబొమ్మలా ఉందని నాకప్పుడు తెలిసింది.

"ఏంటమ్మా అది?"

"త్రీడీ డిస్‌ప్లే, పంతులుగారూ."

"దింపెయ్యమ్మా త్రీడీని."

దింపుతుంటే బాబాయి లేచాడు. "ఇటివ్వు. ఆ కోరికేంటో నాకు తెలుసు."

పెళపెళలాడుతున్న స్వెట్టరులోకి తల దూర్చాడు. "వేసుకున్నానే. చూసుకో" అన్నాడు ఆకాశం వైపు. దణ్ణం పెడదామంటే చేతులు కలవలేదు. మోచేతులు వంగలేదు. ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఇప్పటిదాకా ఉత్త దిష్టిబొమ్మ, ఇప్పుడు ప్రాణమున్న దిష్టిబొమ్మ. ఇంక సాయంత్రందాకా కాకి రాదనుకున్నాను.

వచ్చింది. విస్తరి వదిలేసి, చాచి ఉన్న బాబాయి చేతి మీద వాలి, అంటుకున్న మెతుకులు ఏరుకుంది.

పంతులుగారు వంగి ఆ మెతుకులు చూశారు. "అన్నమేగా. ముట్టినట్టేనండీ."

కాకి ఎగిరిపోయినా బాబాయి అలాగే నిలబడ్డాడు.

"చెయ్యి దించు బాబాయ్."

"రావట్లేదమ్మా" అన్నాడు. కళ్ళు తుడుచుకుందామన్నా చెయ్యి మొహందాకా పోవడం లేదు. నా చున్నీతో నేనే తుడిచాను.

కాబట్టి సకల కాకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఊలుకి గంజి పెట్టను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని పెట్టినా, మోచేతుల దగ్గర మాత్రం వదిలేస్తాను.