చెంబుతో పోసిన గాలి

మా ఆయనకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయిన కొన్నాళ్లకి, కాలక్షేపంగా ఉంటుందని మా తమ్ముడు చీరాలలోని మా ఇంటికి ఒక గాజుతొట్టె తెచ్చిపెట్టాడు. అందులో రెండు ఆక్సోలాటిల్స్. కొట్టువాడు నడిచే చేపలన్నాడట గాని, అవి చేపలు కావు, కప్పలకి దగ్గరి చుట్టాలు. నాలుగు కాళ్లు, మెడకి రెండువైపులా గులాబీరంగు కుచ్చుల్లాంటి మొప్పలు. ఆయన మంచం మీంచి పొద్దస్తమానం వాటినే చూసేవారు. తిండి వెయ్యడం, నీళ్లు మార్చడం నా వంతు. వద్దనలేకపోయాను.

వాటికి చల్లటి నీళ్లుండాలి. మా ఎండలకి తొట్టె మీద చిన్న ఫ్యాను, లోపల గాలి మోటారు ఆగకుండా తిరగాల్సిందే. వేసవి చివర్లో తుఫాను వచ్చింది. స్తంభాలు పడిపోయి కరెంటు పోయింది. వాన కురిసినంతసేపూ చల్లగానే ఉంది. మర్నాడు ఎండ కాసింది. మధ్యాహ్నానికి రెండూ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి.

పక్కింట్లో చేపలమ్మే భాయ్ దగ్గరికెళ్లి ఐసు అడిగాను. థర్మోకోల్ పెట్టెలోంచి గడ్డ తీసిస్తూ, "అక్కా, తిన్నగా నీళ్లలో వెయ్యమాక. ఇది చేపల ఐసు, శుభ్రమైంది కాదు. పగలగొట్టి సీసాల్లో పోసి, మూత బిగించి తొట్టెలో పెట్టు" అన్నాడు.

అలాగే చేశాను. నీళ్లకి గాలి తగలాలని చెంబుతో ముంచి ఎత్తునుంచి పోస్తూ కూర్చున్నాను. ఆయనకి ఒళ్లు తుడవడం, పక్కబట్టలు ఉతకడం, మళ్లీ చెంబు. ఆ మర్నాడు పొద్దున ఒకటి కదల్లేదు. పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పూడ్చాను. ఏడుపు రాలేదు. ఒక పని తగ్గిందనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

లోపలికొచ్చి గోడకి చేరగిలబడ్డాను. "ఇంక నా వల్ల కాదండీ. ఉంటే ఉంటుంది, పోతే పోతుంది."

ఆయన ఎడమచెయ్యి చాపారు. "చెం...బు" అన్నారు ముద్దముద్దగా.

"మీరెలా పోస్తారండీ?"

"ఇయ్యవే."

మంచం తొట్టె దగ్గరికి లాగాను. ఏడాదిగా, బాగున్న ఆ చేత్తో కూడా మంచినీళ్ల గ్లాసైనా ఎత్తని మనిషి, ముంచి పోశారు. సగం నీళ్లు పక్క మీదే ఒలికాయి. ఆ దుప్పటీ నేనే ఉతకాలి కదా అనుకుంటూనే నేలమీద ఒరిగి నిద్రపోయాను.

లేచేసరికి సాయంత్రమైంది. గుమ్మంలో గోనెసంచిలో చుట్టిన ఐసుగడ్డ ఉంది, భాయ్ పెట్టి వెళ్లినట్టున్నాడు. ఆయన ఇంకా పోస్తూనే ఉన్నారు. మిగిలిన ప్రాణి తొట్టె అడుక్కి దిగి పడుకుంది. మొప్పలు మెల్లగా ఊగుతున్నాయి.

మర్నాడు కరెంటొచ్చింది. అన్నం కలిపి, ఈసారి తనే తింటారేమోనని కంచం ఆయన ఎడమచేతి పక్కన పెట్టాను.

"నెప్పి" అన్నారు.

నేనే ముద్దలు పెట్టాను.