నూనె రాసిన కుండపెంకులు: మస్తూరీ అవతల ఒక ఆదివారం

సీపత్ కరెంటు ప్లాంటులో నాతోపాటు కాంట్రాక్టు పని చేసే ధనేష్‌ది మస్తూరీ అవతల పల్లె. వాళ్ళ పొలంలో కుంట తవ్వుతుంటే పాత కుండపెంకులు బయటపడ్డాయి. సోమవారం సర్కారు పురావస్తు శాఖవాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు. ఇచ్చేయడం న్యాయమే. కానీ వాళ్ళమ్మ, "మా మట్టిలోంచి వచ్చింది, దాని రూపమైనా మా ఇంట్లో ఉండాలి" అందట. నా దగ్గర సెకండ్‌హ్యాండ్ త్రీడీ స్కానర్ ఉంది. వీడియోలు చూసి నేర్చుకున్నాను. డిగ్రీ లేనివాడికి ఇవన్నీ ఎందుకనేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఆదివారం పొద్దున ఏడింటికి మేముండే తార్‌బహార్‌లో అప్పలరాజు మావ ఆటో ఎక్కాను. పోనూ రానూ తొమ్మిది వందలు. మస్తూరీ దాకా బస్సులో వెళ్తే సగం డబ్బుల్లోపే అయిపోతుంది, కానీ ఆ కుదుపులకి మిషన్ని అప్పజెప్పే ధైర్యం నాకు లేదు. "ఏటి నాన్నా, పగిలిన కుండకి ఫొటో తియ్యడానికి ఇంత దూరమా? మీ అత్త రోజుకోటి పగలగొడతాది, మా ఇంటికి రా" అన్నాడు మావ.

ఎనిమిదిన్నరకి చేరాం. వాకిట్లో చేటలో, బయటివైపు నగిషీ ఉన్న మూడు పెద్ద పెంకులు నిగనిగలాడుతున్నాయి. ధనేష్ వాళ్ళమ్మని నేను కాకీ అంటాను, పిన్నీ అన్నట్టు. ఆవిడ వాటికి ఆవనూనె పట్టించింది! "ఫొటో అంటే ముస్తాబు ఉండొద్దా? పిల్లల తలకి రాయమా?" అని నవ్వింది. స్కానర్ వస్తువు మీద వెలుగు గీతలు వేసి, అవి వంగే తీరుని బట్టి ఆకారం పట్టుకుంటుంది. మెరిసే చోట దానికి చూపు ఆనదు. ల్యాప్‌టాప్ తెర మీద పెంకు నిండా చిల్లులే. పొడిగుడ్డతో అద్దినా లాభం లేదు, నూనె ఇంకిపోయింది. "ఎవరు రాయమన్నారు?" అని అరిచేశాను. కాకీ మొహం చిన్నబోయింది.

"ఏటా అరుపు? రాయొద్దని ముందు సెప్పేవా?" అన్నాడు మావ.

చెప్పలేదు.

కాకీ ఒక పెంకు తిరగేసింది. "లోపలా, అంచులకీ రాయలేదు బాబూ. లోపల ఎవరు చూస్తారు?"

నీడకి జరిపి మూడు పెంకులకీ లోపలివైపు, విరిగిన అంచులు స్కాన్ చేశాను. తెర మీద అంచులు ఒకదానికొకటి సరిపోయాయి. మూడూ ఒకే కుండవి. లోపల చుట్టూ చాళ్ళు, సారె మీద మట్టి తిరుగుతుంటే కుమ్మరి వేళ్ళు వదిలినవి. కాకీ తెర మీద ఆ చాళ్ళ వెంట వేలు జరిపింది. "అచ్ఛా... నా వేలంతే ఉంది" అంది. తర్వాత వేడి చీలా, టమాటా పచ్చడి నా ముందు పెట్టి, "తిను. నీ కోపం సగం ఆకలే" అంది. బియ్యప్పిండి అట్టు, నాలుగు తిన్నాను.

బయటి నగిషీ దక్కలేదని ఇప్పటికీ మండుతూనే ఉంది. కానీ నూనె లేకపోయుంటే నేనూ అందంగా కనబడే వైపే శ్రద్ధగా తీసి, లోపలివైపు ఏదో అయిందనిపించేవాణ్ణి. పెంకులు సోమవారమే వెళ్ళిపోయాయి. కాకీ మాత్రం నేను ఫోనుకి పంపిన బొమ్మని వేలితో తిప్పుతూ ఇరుగుపొరుగుకి చూపిస్తోందట: "బయటివైపు అడక్కండి, ఆ బాబు అరుస్తాడు."

మీరూ ఇలాంటి పనికి వెళ్తుంటే ముందురోజే ఫోన్ చేసి చెప్పండి: కడగొద్దు, తుడవొద్దు, నూనె అసలే వద్దు. ఆ ఫోను కొడుక్కి కాదు, అమ్మకి చెయ్యండి.