నలభై చింతగింజలు

రాష్ట్రం విడిపోయిన మూడో ఏట, జూన్‌లో, నన్ను పులివెందుల నుంచి జమ్మలమడుగు వైపు ఒక సెక్టారుకు సూపర్‌వైజరుగా బదిలీ చేశారు. సెక్టారంటే ఇరవై ఐదు అంగన్‌వాడీ కేంద్రాలు. ప్రతి కేంద్రంలో ఒక కార్యకర్త, ఒక ఆయా ఉంటారు. ఒక్కో కేంద్రాన్ని నెలకోసారైనా తనిఖీ చేసి రిపోర్టు పంపడం నా పని.

బొమ్మలు చాలేవి కావు. అందుకని ఇంటి సామానుతోనే ఆడించమని శిక్షణలో చెప్పేవారు. స్టీలు గ్లాసులు, డబ్బా మూతలు, పప్పుగుత్తి, చింతగింజలు. గింజల్ని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోస్తుంటే పసివాళ్ల వేళ్లకు పట్టు కుదురుతుంది. అదే గ్లాసును బోర్లిస్తే వాళ్లకది ఒక రోజు చర్చి, ఒక రోజు బస్సు.

లెక్కపెట్టే అలవాటు నాకెవరూ నేర్పలేదు, సొంతంగా పట్టుకున్నది. లెక్కపెట్టనిదే దేన్నీ నమ్మేదాన్ని కాదు. గింజ నోట్లోకి పోయే ప్రమాదం ఉందని ఒక పద్ధతి పెట్టాను. కేంద్రానికి నలభై గింజలు. ఆటకు ముందు, తర్వాత లెక్కించి రిజిస్టరులో రాయాలి. తేడా వస్తే మెమో, అంటే సంజాయిషీ కాగితం, ఇస్తానన్నాను.

ఒక కేంద్రంలో ఓబులమ్మ అనే ఆయా పకపకా నవ్వింది. “గింజలకు గూడా హాజరు పట్టీనా మేడం? ఇంగ పప్పుగుత్తిని సెలవు చీటీ అడుగుతారేమో!” నేను నవ్వలేదు.

ఆ కేంద్రానికే సలోమి అనే పాప వచ్చేది. రెండున్నరేళ్లు. తల్లి మార్తమ్మ కూలికి పోతూ పాపను అక్కడ వదిలేది. ఆగస్టులో పాపకు దగ్గు పట్టుకుంది. వారం మందులు వాడినా తగ్గలేదు. ప్రొద్దుటూరులో డాక్టరు ఎక్స్‌రే తీయించారు. గింజలాంటివి ఎక్స్‌రేలో సాధారణంగా కనబడవు కాబట్టి, పాప ఏమైనా నోట్లో పెట్టుకుందా అని అడిగారు. మార్తమ్మ అక్కడి నుంచే నాకు ఫోన్ చేసింది.

“మేడం, మా పాప ఆడ గింజేమన్నా నోట్లో ఏసుకునిందా? డాక్టరు అడుగుతాండాడు.”

నేను కేంద్రానికి ఫోన్ చేసి రిజిస్టరు చదివించుకున్నాను. ప్రతి రోజూ ముందు నలభై, తర్వాత నలభై.

“నలభైకి నలభై ఉన్నాయమ్మా. మా దగ్గర గింజ పోలేదు” అని మార్తమ్మకు చెప్పాను. ఆమె అదే మాట డాక్టరుకు చెప్పింది. న్యుమోనియాకు వైద్యం మొదలైంది.

నాలుగు రోజుల తర్వాత ఆ కేంద్రానికి తనిఖీకి వెళ్లాను. గింజలు పళ్లెంలో పోసి నేనే లెక్కపెట్టాను. నలభై. కానీ ముప్పై తొమ్మిది గింజలు పిల్లల చేతుల్లో అరిగి మెరుస్తున్నాయి. ఒకదానికి మెరుపు లేదు. చింతపండు పీచు ఇంకా అంటుకునే ఉంది.

ఓబులమ్మను అడిగాను.

“ఒగటి తక్కువొచ్చింది మేడం. శానా ఎతికినా, యాడా దొరకల్యా. వంటింట్లో చింతపండులోది తీసి ఏసినా. తప్పితే మెమో అంటిరి గదా.”

ఏ రోజని అడిగితే రిజిస్టరు మీద వేలు పెట్టి చూపించింది. పాపకు దగ్గు మొదలైన రోజుకు అది ముందు రోజు.

అక్కడి నుంచే ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఆ మధ్యాహ్నమే పాపను కర్నూలు పంపారు. గొట్టం వేసి గింజ తీశారు. అప్పటికే అది నాని ఉబ్బడంతో ఊపిరితిత్తికి చీము పట్టింది. మూడో రోజు సలోమి చనిపోయింది.

మార్తమ్మ నన్ను తిట్టలేదు. “నలభై అంటివి గదా మేడం” అంది, అంతే.

ఓబులమ్మకు మెమో ఇవ్వమని పై అధికారి ఆదేశించారు. ఇచ్చాను. నన్ను ఎవరూ సంజాయిషీ అడగలేదు. ఫోన్‌లో నేను చెప్పిన మాటను నా చేత్తోనే రాసి ఆ ఫైలులో పెట్టాను.

ఆ నెలలోనే నా సెక్టారులో గింజల ఆట ఆపించాను. పిల్లల పిడికిలి కంటే చిన్న వస్తువేదీ ఆటలో ఉండకూడదన్నాను. మూతలైనా గ్లాసులైనా తక్కువ వస్తే తక్కువనే రాసి వెంటనే ఫోన్ చేయాలి, మెమో ఉండదు అని చెప్పాను. భయపెట్టి రాయించుకున్న అంకె రాసినవాళ్లను కాపాడుతుంది, పిల్లలను కాదు. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునేదాకా, ఒక్క రోజూ తేడా రాని రిజిస్టరు కనబడితే ముందు ఆ కేంద్రానికే వెళ్లేదాన్ని.